పెదనాన్నను కత్తిరించిన సినిమా

చేతిలో కెమెరా ఫోనుంటే చాలు, ప్రపంచ సినిమాకు తిరువూరు నుంచే దారి చూపించవచ్చని నమ్మిన రోజులవి. డిగ్రీ పాసై, ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుండగా (అప్పగింతల్లో ఏడుపు చాలకపోతే వాన కలపడం నా ప్రత్యేకత), ఎప్పుడో యూరపులో రాసిన ఒక హాస్య సంగీత నాటకం కథ నా కంటపడింది. ఓ ముసలి పెద్దమనిషి తాను పెంచుతున్న పడుచుపిల్లను తానే పెళ్లాడాలనుకుంటాడు. ఆమె ప్రియుడు మారువేషంలో వచ్చి, ఆయన్ని బురిడీ కొట్టించి ఆమెను దక్కించుకుంటాడు. మాటలన్నీ పాటలే. దాన్ని నేరుగా మా మామిడితోటలోకి దించేశాను. ప్రియుడికి కాయలు కొనే వ్యాపారి వేషం కట్టాను. నాయిక ఎ.కొండూరు టీచరమ్మ, చర్చిలో ఆవిడ పాడితే వీధిలో జనం ఆగేవారు. ముసలాయన మా పెదనాన్న.

పెదనాన్న ఒకప్పుడు పద్యనాటకాలు ఆడినవాడే. పెద్దమ్మ పోయాక పద్యం ముట్టలేదు. నేను అడగ్గానే మాత్రం మీసాలకు రంగేసుకుని వచ్చేశాడు (ముసలి పాత్రని చెప్పినా వినలేదు). చివర్లో పెళ్లిదండ ప్రియుడి చేతికిచ్చి వెళ్లిపోవాలి, అంతే. ఆయన వెళ్లలేదు. చెట్టుకు ఆనుకుని, సొంతంగా కట్టిన పద్యం ఎత్తుకున్నాడు. ఇల్లు ఖాళీ అయిన మనిషి కోరింది పెళ్లి కాదు, అన్నం వేళకు పిలిచే ఒక గొంతు అని దాని భావం. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. నేను గడియారం చూసుకున్నాను. హాస్యచిత్రంలో ఏడుపేమిటని, ఆయనకు చెప్పకుండా ఎడిటింగులో తీసేశాను.

ఓ ఆదివారం మధ్యాహ్నం, కల్యాణమండపం కిటికీలకు దుప్పట్లు కట్టి సినిమా వేశాం. నేను నవ్విద్దామనుకున్న చోట జనం ఊరుకున్నారు. నాయకుడు విరహంతో పాడుతుంటే పడీపడీ నవ్వారు. ముందు వరసలో పెదనాన్న, తన పద్యం చివర్లో ఉందని పక్కవాళ్లకు చెబుతూ కూర్చున్నాడు. దండ చేతులు మారింది. పేర్లు వచ్చేశాయి.

"నా పద్యం ఏదిరా?" అన్నాడు నావైపు తిరిగి.

"సినిమా పెద్దదైపోతుందనీ, పెదనాన్నా..."

"సర్లే, నువ్వు కూర్చో."

లేచి, కండువా సర్దుకుని, తెర ముందు నిలబడి పద్యం అందుకున్నాడు. పేర్లు ఆయన మొహం మీదుగా పాకుతున్నాయి. దర్శకుడిగా నా పేరు ఆయన నుదురెక్కి మాయమైంది, ఎవరూ చదవలేదు. జనం మళ్లీ పాడమంటే పాడాడు. మూడోసారి అడిగింది నేనే.

ఇప్పటికీ నా బతుకు పెళ్లి వీడియోలే. మొన్న ఒకచోట తాతగారొకాయన మైకు వదలకుండా మాట్లాడిందంతా తీసేయమన్నారు పెళ్లివారు. ఉంచుదామండీ అని బతిమాలాను. ఆ కుర్ర దర్శకుణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత తెలివిగలవాణ్ణి మళ్లీ ఎప్పుడూ కాలేకపోయాను.