ఛాయ్ పెట్టని కోడలు

మా అమ్మ ఛాయ్ తాగదు. ఇప్పటి వాళ్లకు ఇదేమంత విశేషం కాదు. షుగర్ అనో గ్యాస్ అనో మానేసినవాళ్లు ఇంటికొకరున్నారు. కానీ ఎనభైల మొదట్లో, జనగామ రైల్వే క్వార్టర్లలో, గడప తొక్కిన మనిషికి గుక్కెడు ఛాయ్ పోయని ఇల్లాలంటే ఆమెకు పొగరైనా ఉండాలి, పిసినారితనమైనా ఉండాలి. మా అమ్మకు రెండూ లేవు. ఆమె అమెరికాలో పుట్టిన మోర్మన్ అనే క్రైస్తవ మతం పుచ్చుకున్న మనిషి, అంతే.

అమ్మ పుట్టిల్లు మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసుకోనివ్వండి, మా నోటికి మాత్రం మానుకోటే. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం కొట్లాట జరిగి బడులు మూతపడితే, పిల్ల ఇంట్లో ఊరికే ఎందుకు కూర్చోవాలని తాత ఆమెకు పెళ్లి చేసేశాడు. ఆ గొడవల్లో చాలామందికి ఒక ఏడాది చదువు పోయింది, మా అమ్మకు మొత్తం చదువే పోయింది. దానికి బదులు మీ బాపు దొరికిండులే అని నవ్వేది. బాపు రైల్వే క్యాబిన్‌లో సిగ్నళ్ల పని చేసేవాడు. రోజంతా రైళ్ల మోత విని విని, ఇంటికొచ్చాక నోరు విప్పేవాడు కాదు.

నా తర్వాత పుట్టిన తమ్ముడు నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడే జ్వరం తగిలి పోయాడు. అమ్మ తిండి మానేసి గోడ చూస్తూ కూర్చుంటే, బాపు ఆమెను హైదరాబాదులో మా మేనమామ ఇంటికి పంపించాడు. మామ అప్పటికే ఒక ఇంట్లో కూడుకునే కొద్దిమంది మోర్మన్లతో కలిసి ప్రార్థనకు పోతుండేవాడు. అక్కడ ఎవరో అమ్మతో, చావు వచ్చినా కుటుంబం విడిపోదనీ, తల్లీ బిడ్డా మళ్లీ కలుసుకుంటారనీ చెప్పారట. అమ్మకు ఆ ఒక్క మాట చాలు. కల్లు, పొగాకు, కాఫీ, ఛాయ్ ముట్టకూడదు, ఆదివారం ఏమీ కొనకూడదు, నెలలో మొదటి ఆదివారం మంచినీళ్లు కూడా లేకుండా ఉపవాసం ఉండాలి. ఇవన్నీ ఆ మాట వెంట వచ్చినవే కాబట్టి సంతోషంగా తలకెత్తుకుంది. బాపు ఆ మతంలో చేరలేదు. "నీ కండ్లల్ల నీళ్లు ఆగినయి, నాకు గంతే చాలు" అన్నాడట.

లోకానికి మాత్రం అంతతో చాలలేదు. క్వార్టర్లలో ఉన్న క్రైస్తవులు ఈమె మా మనిషి కాదన్నారు. మా చుట్టాలు మా మనిషి కాకుండా పోయిందన్నారు. రెంటికి చెడ్డ రేవడి అని ఒక మేనత్త మా ఇంట్లో కూర్చొనే అన్నది. పక్కింటి అక్క అయితే, "కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు, నాలుగొద్దులైతే ఆమెనే తాగుతది" అని నవ్వింది. అమ్మ ఇంట్లో ఉన్న ఛాయ్ పత్తా డబ్బా, వడగట్టే జాలి తీసుకెళ్లి ఆ అక్కకే ఇచ్చేసింది. వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చేది. బాపు స్టేషన్ దగ్గర తాగి, నోరు పుక్కిలించి వచ్చేవాడు. అమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు. సగం సంసారాలు ఇలాగే సాగుతాయని నా అభిప్రాయం.

ఆ ఇంటికి మా నాయనమ్మ వచ్చింది. భూపాలపల్లి వైపు రేగొండలో, తాత పోయాక కూడా ఒక్కతే ఉండి, భూమి కౌలుకిచ్చి తన గిన్నె తానే పొయ్యి మీద పెట్టుకునేది. ఒక వానాకాలం వాకిట్లో జారిపడి తుంటికి దెబ్బ తగిలించుకుంది. ఎముక విరగలేదు గానీ లేవాలన్నా కూర్చోవాలన్నా ఒకరు పట్టుకోవాలి. అక్కడ పట్టుకునే దిక్కులేదు. బాపు సెలవు పెట్టి వెళ్లి తీసుకొచ్చాడు.

మొదటి రోజు తెల్లారగానే యుద్ధం మొదలైంది.

"ఏందే, గింత పొద్దెక్కింది, ఛాయ్ పెట్టలేదా?"

"మా ఇంట్ల ఛాయ్ పెట్టమత్తమ్మా. పాలు కాగవెట్టిన, తాగు."

"పాలు తాగనీకి నేనేమన్న సంటిపిల్లనా?"

బాపు చప్పుడు చేయకుండా పోయి స్టేషన్ నుంచి ఛాయ్ తెచ్చాడు. నాయనమ్మ ఆ గ్లాసును పక్కకు నెట్టింది. "కోడలు ఇంట్ల ఉండంగ కొనుక్కొచ్చిన ఛాయ్ తాగాల్నారా? నలుగురు ఇంటే ఏమంటరు? నాకద్దు పో" అన్నది. ఆమె లెక్కలో ఛాయ్ అంటే దాహం తీర్చేది కాదు, కోడలు అత్తకు ఇచ్చే మర్యాద. పొద్దున లేవగానే కోడలు చేతి గ్లాసు అందకపోతే ఆ ఇంట్లో తనకు చోటు లేనట్టే.

అమ్మ ఊరుకోలేదు. శొంఠి, ధనియాలు, బెల్లం వేసి కషాయం కాచి, ఛాయ్‌లాగే ఉంటుందని బతిమాలి ఇచ్చింది. నాయనమ్మ ఒక గుక్క తాగి, "దవాఖానల గూడ గింత ఘోరమైన మందు పొయ్యరు బిడ్డా" అని గ్లాసు తిరిగి ఇచ్చేసింది. ఆ రోజు నుంచి తలకు గుడ్డ కట్టుకుని, తలనొప్పితో మూలుగుతూ పడుకునేది. అయినా అమ్మ ఆమెకు నీళ్లు పోసింది, తుంటికి నూనె రాసింది, భుజం ఇచ్చి వాకిట్లోకి నడిపించింది. అన్నీ చేసింది, ఆ ఒక్కటి తప్ప. వాళ్లిద్దరి నడుమ బాపు అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు.

సోమవారం సాయంత్రాలు అమ్మ మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసి, ఒక కథ చెప్పి, పుట్నాలూ బెల్లం పంచేది. వాళ్ల మతంలో అది ఇంటివాళ్లంతా కూడుకునే వేళ. సోమవారం అనేసరికి అది శివుని పూజే అనుకుని నాయనమ్మ భక్తిగా చేతులు జోడించింది. అమ్మ ఆ రోజు, చనిపోయాక కూడా మనమంతా ఒక్కచోటే ఉంటామని చెప్పింది.

"సచ్చినంక గూడ నేను నీతోనే ఉండాల్నా?" అంది నాయనమ్మ.

"ఉంటవత్తమ్మా. అందరముంటం. పిలగాడు గూడ ఉంటడు."

"ఆడనన్న ఛాయ్ పెడ్తవా?"

బాపు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ లేచి వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. పోయిన తమ్ముడి పేరెత్తిన నోటి ముందు మేం నవ్వామే అని నాకు అప్పుడు గానీ తట్టలేదు.

ఆ శనివారం నాయనమ్మ తేల్చి చెప్పేసింది. "నన్ను రేగొండకు తోలుర. సోమవారం పొద్దుగాల బస్సెక్కియ్యి."

"ఆడ నిన్నెవలు లేపుతరవ్వా? మల్ల పడితె?" అన్నాడు బాపు.

"పడితె పడ్త. నా ఇంట్ల నా ఛాయ్ నేను తాగి పడ్త."

బాపు అమ్మను ఒక్క మాట కూడా అనలేదు. బూట్లు విప్పుకుంటూ, "ఒక్కతె ఉండి ఏమన్న అయితే నేను బతికున్నన్నిరోజులు మర్శిపోను" అని మాత్రం అన్నాడు. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది అమ్మకు. నాకు ఇద్దరాడవాళ్ల మీదా ఒళ్లు మండింది. చిటికెడు ఆకుపొడి కోసం ఒకామె కాలు విరగ్గొట్టుకోవడానికి సిద్ధమైంది, ఇంకొకామె కళ్లు వాచేలా ఏడుస్తోంది. ఏ దేవుడు అడిగాడు ఇది?

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. అమ్మకు ఉపవాసం. నాకు అన్నం పెట్టి తను తినకపోవడం నాయనమ్మ మంచం మీద నుంచే చూసింది.

"నువ్వెందుకు తింటలేవు? ఇయ్యాల ఒక్కపొద్దా?"

"అవునత్తమ్మా."

"ఎవలి కొరకు?"

మావైపు ఆడవాళ్లు ఒక్కపొద్దు ఉన్నారంటే అది ఎవరో ఒకరి కోసమే. మొగుడి కోసం, కొడుకు కోసం, పంట కోసం. కాబట్టి ఆమె అడిగిన తీరులో వింతేమీ లేదు. అమ్మ మతంవాళ్లు కూడా ఉపవాసాన్ని ఏదో ఒక కోరిక దేవునికి చెప్పుకుని మొదలుపెడతారు. అమ్మకు అబద్ధం చేతకాదు.

"నీ కొరకే అత్తమ్మా. నీ నొప్పి తగ్గాలెనని. నువ్వు పోవద్దని."

నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం అన్నం తెస్తే వద్దంది. నీళ్లిస్తే వద్దంది. కోపం ఇంకా పెరిగిందని అనుకున్నాం.

సాయంత్రం అమ్మ గదిలో తలుపు దగ్గరికి వేసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. బయటికి వచ్చి, గిన్నె పట్టుకుని నేరుగా పక్కింటికి నడిచింది. ఆదివారం కదా, దుకాణంలో కొనదు, అందుకని అడుక్కోవడానికి. "జర ఛాయ్ పత్తా ఇయ్యక్కా" అనేసరికి ఆ అక్క చేతిలోని చాట కింద పెట్టేసింది. వెక్కిరిస్తుందనే అనుకున్నాను. పత్తాతో పాటు మా పాత జాలి కూడా తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

"తప్పు కాదా అమ్మా?" అని పొయ్యి దగ్గర అడిగాను.

"నన్ను తాగొద్దన్నరు. ముసలామెకు పొయ్యొద్దని ఎవ్వలనలే. ఒగాల తప్పే అయితే నేనే జవాబు చెప్పుకుంట" అంది అమ్మ. అల్లం దంచి వేసింది, పాలు పొంగించింది, రుచి మాత్రం చూడలేదు. గ్లాసును కొంగుతో పట్టుకుని తీసుకెళ్లింది.

నాయనమ్మ నా భుజం పట్టుకుని లేచి కూర్చుంది. గ్లాసు తీసుకుంది గానీ తాగలేదు.

"నువ్వు తిన్నవా?"

"నువ్వు తాగు, ఎనుక తింట."

"నువ్వు ముద్ద నోట్లె వెట్టుకోంది నేను ముట్ట. ఇద్దరం పొద్దటి సంది ఉపాసమే ఉంటిమి."

నేనే పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చి ఇచ్చాను. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఒక ముద్ద తిన్నాక నాయనమ్మ గ్లాసు ఎత్తింది. అంతలో బాపు డ్యూటీ నుంచి వచ్చి, ఆ ఛాయ్ వాసనకు గుమ్మంలోనే ఆగిపోయాడు. అక్కడి నుంచే, "అవ్వా, పొద్దుగాల బస్సుకు నీ బట్టలు సదురాల్నా?" అని అడిగాడు.

"ఏ బస్సురా?" అంది నాయనమ్మ. "నీ అయ్య కొరకు ఒక్కపొద్దులుంటి. నీ కొరకుంటి. వానలు వడాలెనని ఉంటి, ఎద్దుకు రోగమొస్తె గూడ ఉంటి. నేను పుట్టినకాడికెల్లి నా కొరకు ఉన్నోళ్లు ఒక్కలు లేరు. గీ పిల్ల ఉన్నది. దీన్ని ఇడిశిపెట్టి నేనేడికి పోవాల్నురా?"

బాపు గుమ్మంలోనే కూర్చుని బూట్లు విప్పుకోసాగాడు. అమ్మ ముద్ద చేతిలో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాయనమ్మ ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, అమ్మ నెత్తి మీద చెయ్యి వేసింది.

"తినవే బిడ్డా, తిను. రేపటి సంది జర చక్కెర ఎక్కువెయ్యి."