యోసేపు దొర ఆదివారాలు

ఇశ్రాయేలు కంటికి ప్రమాదంగా కనిపించని వస్తువు ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. పులీ పామూ సంగతి వదిలేయండి, వాటికి మనమూ భయపడతాం. ఇశ్రాయేలు ఉడకబెట్టిన శనగలకు భయపడతాడు, గొంతుకు అడ్డం పడతాయని. దండెం మీద ఆరేసిన చీరకు భయపడతాడు, గాలికి ఎగిరి మొహానికి చుట్టుకుంటుందని. తెలుగూ ఉర్దూ ధారాళంగా మాట్లాడే ఆ మనిషికి ఇంగ్లీషులో గట్టిగా వచ్చిన మాట ఒక్కటే, డేంజర్. గౌలిపురలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళకన్నా డేంజర్ ఇశ్రాయేలు అనేవాళ్ళే ఎక్కువ.

"లగ్గమైన కొత్తల గిట్ల లేకుండె," అనేది ఆయన భార్య రాహేలు, ఎవరు కదిపినా. "మిద్దెల మీద ఉరుక్కుంట పతంగులు ఎగిరేసేటోడు. నడుమల ఏం గాలి సోకెనో ఏమో! నిన్న చింతపండు పిసుకుతుంటె వచ్చి, గింజ గోరుల ఇరుకుతదే, డేంజర్ అంటడు. గా గింజ తీసి నెత్తి మీద కొట్టిన."

అన్నిటికంటే ఆయనకు మెట్లంటే హడలు. రెండు మెట్లున్న ఇంటికి కూడా గోడ పట్టుకుని ఎక్కుతాడు, దిగేటప్పుడు కూర్చుని దిగుతాడు.

ఇంతకీ అలాంటి మనిషి చేసే నౌకరీ ఏమిటనుకున్నారు? జీపు డ్రైవరు! మాదన్నపేట దాటాక ఉన్న ఓ సర్కారీ కార్ఖానాలో ఏళ్ళ తరబడి టెంపరరీ డ్రైవరు. ఆయన జీపు గౌలిపుర గల్లీలోకి వస్తే పాలవాళ్ళ బర్రెలు పక్కకు జరగవు, దాటుకుని ముందుకు పోతాయి. గోడకు ఆనించిన సైకిలుకు కూడా హారన్ కొడతాడు. పర్మినెంటు చేయమని అర్జీ పెట్టినప్పుడల్లా, నడవని బండికి పర్మినెంటు డ్రైవరు ఎందుకని ఆఫీసులో నవ్వుకునేవారు.

డెబ్బై అయిదులో, వానాకాలం మొదట్లో, పోలండు దేశం నుంచి ఆ కార్ఖానాకు పెద్ద మిషినొకటి వచ్చింది. దాన్ని బిగించడానికి వెంట ఓ ఇంజనీరు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, పేరు యూజెఫ్. అది మన యోసేపు పేరేనని తెలిసిన రోజు నుంచి ఇశ్రాయేలుకు ఆయన యోసేపు దొర అయిపోయాడు.

మేనేజరు సోమశేఖర్ ఇశ్రాయేలును పిలిపించాడు.

"ఆరు రోజులు దొరను మిషిన్ చూసుకుంటుంది. ఏడో రోజు నువ్వు చూసుకోవాలి. పరాయి దేశం మనిషి, ఊరు తెలియదు, భాష తెలియదు. ఆదివారం తోచక ఎటో పోయి కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటే మిషిన్ ఆగిపోతుంది. నాలుగు చోట్లు తిప్పి క్షేమంగా తీసుకొచ్చి దింపు. మిషిన్ తిరిగిన రోజు నీకు పర్మినెంటు ఆర్డరు. ఆయనకేమైనా అయిందా, నీకు జీపు లేదు."

క్షేమంగా చూడమని ఇశ్రాయేలుకు చెప్పడమంటే పూనకం వచ్చేవాడి ముందు డప్పు కొట్టడమే.

మొదటి ఆదివారం చార్మినారుకు తీసుకెళ్ళాడు. దొర ఉత్సాహంగా కెమెరా మెడలో వేసుకుని జీపులోంచి కాలు కింద పెట్టబోయాడు. ఇశ్రాయేలు ఆ కాలు పట్టుకున్నాడు.

"నో సార్! పైన మెట్లు. డేంజర్."

మరి చూడటమెలా? జీపులో కూర్చోబెట్టి చార్మినారు చుట్టూ ప్రదక్షిణలు చేయించాడు. దొర మెడ ఓ పక్కకు పట్టేసింది. లాడ్ బజారులో గాజులు చూద్దామంటే గాజు గుచ్చుకుంటుందన్నాడు. టాంగా ఎక్కుదామంటే గుర్రం మొహం తనకు నచ్చలేదన్నాడు. చివరికి గౌలిపుర మూల మీది బాబూమియా హోటలుకు తెచ్చి, చాయ్ సాసర్లో పోసి, తానే ఊది, ఓ గుక్క తాగి చూసి అప్పుడు దొరకిచ్చాడు.

బాబూమియాకు ఒళ్ళు మండింది. "క్యా ఇశ్రాయేల్ భాయ్! నా చాయ్‌ల జహర్ కలిపిన్నా?"

"జహర్ ఫికర్ లేదు భాయ్. నాలిక కాలుతది."

దొర ఆ రోజు కడుపుబ్బ నవ్వాడు. ఆయన నవ్వడం ఆ ఊరివాళ్ళు చూసింది అప్పుడే, మళ్ళీ చూడలేదు.

ఎందుకంటే ఆగస్టు నడిమి నుంచి మనిషి మారిపోయాడు. ఆ ఏడు వాన వదల్లేదు. గెస్ట్‌హౌసు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పట్టిన ముసురును చూస్తూ కూర్చునేవాడు. పొద్దున పనికి పోయి, సాయంత్రం వచ్చి, మళ్ళీ అదే కుర్చీ. తిండి తగ్గింది, మాట అసలే పోయింది. మిషిన్ పని కూడా నత్తనడక పట్టింది.

ఓ ఆదివారం రాహేలు పట్టుబట్టి ఆయన్ని ఇంటికి పిలిపించింది. కిచిడీ చేసి, నంజుకోవడానికి పుల్లటి ఖట్టా చేసి, పీట వేసింది. పీటకు మేకు లేచిందేమోనని ఇశ్రాయేలు చేత్తో తడిమి చూసి గాని దొరను కూర్చోనివ్వలేదు. దొర రెండు ముద్దలు తిని, గోడకున్న ఫోటో వైపే చూస్తూ చేయి కడుక్కున్నాడు. అది రాహేలు అత్త, ఇశ్రాయేలు తల్లి, చనిపోయిన ఆగమ్మ ఫోటో. ఆ మనిషి కళ్ళు చూసి రాహేలు, "అయ్యో, ఎవలు కన్న కొడుకో," అనుకుంది. ఇశ్రాయేలు మాత్రం నేల చూపులు చూస్తూ, "చెయ్యి తుడుసుకోండ్రి సార్, తడిచెయ్యి డేంజర్," అన్నాడు. రాహేలుకు ఆయన్ని చెంబుతో కొట్టాలనిపించింది.

ఆ కోపం ఇంకా చల్లారకముందే, అక్టోబరు చివర్లో, పాలు కొనడానికి మూల మీదికి పోయిన రాహేలును బాబూమియా ఆపాడు.

"రాహేల్ బహెన్, ఓ ముచ్చట చెప్త, ఖఫా గాకు. నీ మరద్ దొరను ఇత్వార్ ఇత్వార్ ఏడికి తోల్కపోతుండో ఎర్కేనా?"

"యాడికన్నా?"

"మీ ఖబరస్థాన్‌కు! పురానాపూల్ అవతల. నా కండ్లతోని చూసిన. ఇద్దరు గోరీల నడుమ గొడుగు పట్టుకోని కూసున్నరు. గింత పెద్ద షహర్‌ల గాయనకు ఇంకో జాగ దొర్కలేదా?"

రాహేలుకు సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. పాలు పొంగించడం కూడా మరిచి, ఇశ్రాయేలు ఇంట్లో అడుగు పెట్టగానే అందుకుంది.

"ఏమయ్యా, నీకేమన్న బుద్ధున్నదా? దేశం గాని దేశమొచ్చిన మనిషి. అసలే దిగులువెట్టుకోని ఉన్నడు. గాయన్ని సమాధుల తోటకు తోల్కపోతవా?"

ఇశ్రాయేలు పొయ్యికి దూరంగా జరిగి కూర్చుని నిదానంగా జవాబు చెప్పాడు. "ఆడున్నోళ్ళకన్న మంచోళ్ళు గీ పట్నంల ఎవలున్నరే? కొట్టరు, గుంజరు, మోసం చెయ్యరు. మెట్లు లేవు, మోటర్లు లేవు. నిమ్మలం జాగ."

"నీ నిమ్మలం పాడుగాను! సార్‌కు తెలిస్తే నౌకరి ఉంటదా?"

సార్‌కు తెలిసింది. హోటల్లో మాట కార్ఖానా గేటు దాటడానికి ఎంతసేపు? సోమశేఖర్ బల్ల గుద్దాడు.

"దొర మనసు బాగాలేకే పని సాగడం లేదని నేను పైవాళ్ళకు సర్దిచెప్పుకుంటుంటే, నువ్వు శ్మశానం చూపిస్తున్నావా? ఎందుకయ్యా?"

"ఆడ డేంజర్ లేదు సార్."

"ఇంకో మాట చెప్పు."

ఇశ్రాయేలు మళ్ళీ అదే మాట చెప్పాడు. ఈ ఆదివారం జీపు అటు తిరిగిందని తెలిస్తే సోమవారం తాళాలు ఇచ్చేసి వెళ్ళమన్నాడు సోమశేఖర్.

ఆ ఆదివారం నవంబరు రెండు, సమాధుల పండుగ. ఏటా ఆ రోజు క్రైస్తవులందరూ తమవాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పరిచి, పొద్దుగూకేసరికి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పొద్దున ఇశ్రాయేలు బయలుదేరుతుంటే రాహేలు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అత్త సమాధి నేను చూసుకుంట. నువ్వు మాత్రం దొరను ఆడికి తేకు. నీకు దండం వెడ్త. గీ నౌకరి వోతే మనకు ఇంకేం ఆధారమున్నది?"

"సరే తియ్," అన్నాడు ఇశ్రాయేలు. ఆ 'సరే'లో సరుకు లేదని రాహేలుకు అప్పుడే అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం దాటాక సున్నం బకెట్టు, పూల మూట రిక్షాలో పెట్టుకుని రాహేలు పురానాపూల్ దాటింది. వంతెన మీద మూసీ కంపు, పైన సన్నటి తుంపర. సమాధుల తోట గేటు ముందు కార్ఖానా జీపు కనబడేసరికి ఆమె రిక్షా ఆపించి, బకెట్టుతో కిందికి దూకింది. జీపు పక్కనే ఓ స్కూటరు ఆగుతోంది. దాని మీద నుంచి దిగింది సాక్షాత్తు సోమశేఖరే.

"సార్, జెర ఆగుండ్రి సార్," అంటూ రాహేలు బకెట్టుతోనే ఆయన వెనక పరుగెత్తింది.

లోపల ఆగమ్మ సమాధి దగ్గర ఇద్దరూ ఉన్నారు. దొర ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మట్టిలో మోకరిల్లి సమాధికి సున్నం వేస్తున్నాడు. అప్పటికే మూడు వైపులు తెల్లగా మెరుస్తున్నాయి. ఇశ్రాయేలు ఆయన మీద గొడుగు పట్టి, "కండ్లు మూసుకోండ్రి సార్, సున్నం డేంజర్," అంటున్నాడు. కళ్ళు మూసుకుని సున్నం వేయడం ఎలాగో ఆయనకే తెలియాలి.

"ఇశ్రాయేల్!" అని అరిచాడు సోమశేఖర్. "తాళాలు ఇటివ్వు!"

ఇశ్రాయేలు జేబులోంచి తాళాలు తీశాడు. రాహేలు నోట్లో కొంగు కుక్కుకుంది. అప్పుడు దొర లేచి నిలబడి, సున్నపు చేత్తోనే ఇశ్రాయేలు పిడికిలి మూసేశాడు. మూసి, వచ్చీరాని ఇంగ్లీషులో సోమశేఖర్‌తో చాలాసేపు మాట్లాడాడు. వింటున్న కొద్దీ మేనేజరు మొహంలో కోపం దిగిపోయింది. చివరికి ఆయన చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

"ఏమైంది సార్?" అంది రాహేలు.

"పంద్రాగస్టు తెల్లారి దొర వాళ్ళమ్మ చనిపోయిందట." అన్నాడు సోమశేఖర్. "టెలిఫోన్ ఆఫీసుకు ట్రంక్ కాల్ వచ్చింది. ఎంత తొందరగా బయలుదేరినా మట్టి చేసే వేళకు అందడు. మిషిన్ వదలడమూ కుదరదు. మాలో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు వెంట ఉన్నది ఇశ్రాయేలొక్కడే."

రాహేలు మొగుడి వైపు తిరిగింది. "మరి నాతోనన్న ఎందుకు చెప్పలేదయ్యా?"

"గాయన చెప్పుకోని ముచ్చట నేనెట్ల చెప్తనే?" అన్నాడు ఇశ్రాయేలు తల వంచుకుని. "బూత్ అద్దంలకెళ్ళి చూసిన. ఫోన్ వెట్టేసి, మదర్ మదర్ అనుకుంట గోడకు నెత్తి ఆనించిండు. మా అమ్మను చూడక నేనెట్ల ఏడ్చిన్నో గట్లనే ఏడ్చిండు. పోయి ఏడ్వనీకి గాయనకు ఈడ ఒక సమాధన్న లేకపాయె. మనకు ఒకటున్నది గదా! తోల్కొచ్చి, మై మదర్, యువర్ మదర్ అని చెప్పిన."

రాహేలుకు ఒక్కసారిగా ఆ పాత రోజు గుర్తొచ్చింది. వానకు తడిసిన మెట్టు మీద జారి పడి ఆగమ్మ పోయిన రోజు. ఇశ్రాయేలు అప్పుడు ఆఫీసు పని మీద బొంబాయి పోయి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి మట్టి కుప్ప తప్ప ఏమీ మిగల్లేదు. పతంగులు మిద్దె మీద అలాగే చినిగిపోయాయి. 'డేంజర్' అన్న మాట ఆయన నోటికి పట్టుకున్నది ఆ తర్వాతే. ఇన్నేళ్ళుగా పక్కనే ఉండి తిట్టిందే తప్ప, ఆ రెండిటినీ కలిపి ఒక్కనాడూ ఆలోచించలేదు. రాహేలుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"వాళ్ళ దేశంలో కూడా ఇవాళే సమాధుల మీద దీపాలు పెడతారట," అన్నాడు సోమశేఖర్. కాసేపు అక్కడే తచ్చాడి, "నాకూ ఒక కొవ్వొత్తి ఇవ్వమ్మా," అని అడిగి తీసుకున్నాడు. "తాళాలు నీ దగ్గరే ఉండనీ ఇశ్రాయేలూ. వచ్చే ఆదివారం కూడా ఇక్కడికే తీసుకురా. మిషిన్ తిరిగాక నీ ఆర్డరు నేనే సంతకం పెట్టిస్తా, అది నా బాధ్యత."

పొద్దు గూకింది. తోట నిండా కొవ్వొత్తులు వెలిగాయి. రాహేలు ఆగమ్మ సమాధి మీద రెండు కొవ్వొత్తులు పక్కపక్కన పెట్టి, ఒకటి దొర చేత వెలిగించింది. "మా అత్త ఎవలొచ్చినా తినిపియ్యకుండ పంపకపోతుండె," అని ఆయనకు అర్థం కాకపోయినా తెలుగులోనే చెప్పింది. దొర తన భాషలో ఏదో గొణుగుతూ చాలాసేపు ఏడ్చాడు. ఇశ్రాయేలు కూడా ఏడ్చాడు. ఏడుస్తూ, తుంపరకు దీపాలు ఆరిపోతాయని రెండు చేతులూ అడ్డం పెట్టి వంగాడు. దొర తడి కళ్ళతోనే అటు చూసి, గబుక్కున ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"ఇశ్రాయేల్! చెయ్యి! డేంజర్!"

చూస్తే నిజంగానే ఇశ్రాయేలు చొక్కా చేతి అంచు కమిలి పొగ వస్తోంది. రాహేలు దాన్ని చేత్తో నలిపి ఆర్పుతూ, ఏడుపు మధ్యలో పక్కున నవ్వేసింది.