రజియా మేడమ్ బ్రేకులు

నరసరావుపేట బస్టాండులో కండక్టరు "పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల" అని కేకేస్తుంటే ఇప్పటికీ నాకు రజియా మేడమ్ గుర్తొస్తుంది. వెంటనే ఒళ్లు మండుతుంది. ఆ మంట ఆవిడ మీద కాదు, ఎనభైల చివర్లో మా ఊళ్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన పెద్దమనిషి మీద. బోర్డు మీద పేరు ఆయనది. మాకు సీ భాష నేర్పింది మాత్రం లారీ మెకానిక్ కూతురు రజియా మేడమ్.

నొక్కిన అంకెను బట్టి పని ఎంచుకునే స్విచ్ పాఠం రోజు కేస్ ఒకటి, కేస్ రెండు అని వరసగా రాసి నావైపు తిరిగింది. "కేస్ లేబులంటే బస్సెక్కే స్టాపు, అంతే. పిడుగురాళ్లలో ఎక్కావు. గురజాలలో దిగకపోతే ఏమైద్దే?"

"మాచర్ల దాకా పోతా మేడమ్."

"అందుకే బ్రేక్, అంటే ఇక్కడే దిగిపొమ్మని. ముందు కేస్ రాయి, వెంటనే బ్రేక్ రాయి. ఆ రెండిటి మధ్యలో చేయాల్సిన పని రాసేది ఆ తర్వాతే." ఈ వరస తప్పితే బోర్డంతా తుడిచేసి మళ్లీ రాయించేది.

రైతుల కోసం ఆవిడే ఒక ప్రోగ్రామ్ రాసింది. ఒకటి నొక్కితే మిరపకు కొట్టే మందు, రెండుకు పత్తి మందు, మూడుకు వరి మందు తెర మీద కనపడాలి. అది అందరికీ నచ్చితే ఆవిడ ఉద్యోగం పర్మనెంటు చేస్తానని చెప్పి, ఆ పెద్దమనిషే, మా ప్రొప్రైటర్, ఊరి పెద్దల్ని పిలిచాడు. అందరి ముందూ ఒకటి నొక్కాడు. మిరప మందుతోపాటు పత్తి మందు, వరి మందు కూడా వరసగా వచ్చిపడ్డాయి.

"అన్నీ కలిపి కొట్టమంటందా ఏంది? చేను మాడిపోద్ది" అని ఒక రైతు నవ్వాడు.

"ఆడపిల్లకు అప్పజెప్పా చూడండి, నాదీ బుద్ధితక్కువ" అన్నాడు ప్రొప్రైటర్.

మేడమ్ ప్రోగ్రామ్ తెరిచి చూసింది. "నేను రాసిన బ్రేకులేవి సార్?"

"పొద్దున నేనే తీసేశా. ప్రతి కేసు కిందా అదే మాట, చూడ్డానికి చండాలంగా ఉంటే."

సిగ్గు లేకుండా తన నోటితోనే చెప్పాడు. అంతమంది పెద్దమనుషులు విని, టీలు తాగి లేచి వెళ్లిపోయారు. తప్పు ఆయనది, ఉద్యోగం పోయింది ఆవిడది. ఇదేం న్యాయం సార్ అని అడిగితే "చిన్నపిల్లవి, నీకెందుకమ్మా" అన్నాడు నాతో. ఆ వారమే నేనూ మానేశాను.

ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోతుంటే వెనక పరిగెత్తాను. "ఊరుకున్నారేంది మేడమ్?"

"ఊరుకోలేదే. బ్రేకులన్నీ మళ్లీ పెట్టే వచ్చా. రైతులు వాడేదిగా."

ఆమె సరిచేసిన ఆ ప్రోగ్రామునే ఆయన తనదని చెప్పుకుని చానా ఊళ్లలో చూపించాడట.

నేనిప్పటికీ కేస్ రాయగానే బ్రేక్ రాస్తాను, పని తర్వాతే. ఈ అలవాటు ఎక్కడిదని నా దగ్గర పనిచేసే పిల్లలు అడుగుతుంటారు. రజియా మేడమ్‌ది అని చెబుతాను. ఆ పెద్దమనిషి పేరు మాత్రం అడిగినా చెప్పను.