ఫోన్ రాకముందు ఎవరికి చెప్పినావు?

చనిపోయిన మనిషి, ఆ కబురు మనకు అందేలోపు ఎక్కడ ఉంటాడు? చాలా ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదలలేదు. దాన్ని నాకు అంటించిన మా ఫిజిక్స్ సార్ పోయిన వారం పోయారు. ఇక్కడే కువైట్‌లో, హవల్లీలోని తన ఫ్లాట్‌లోనే, పొద్దున కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారట, అంతే.

ఇక్కడి స్కూల్లో నేను ఆయన దగ్గరే చదువుకున్నాను, తర్వాత అదే స్కూల్లో టీచర్నయ్యాను. లోలకం ప్రయోగంలో పుస్తకంలోని జవాబు దించి రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసేవారు. "నువ్వు చూసినావా? చూసిందే రాయి" అనేవారు. నాకు ఉద్యోగం ఇచ్చింది డిగ్రీ కావచ్చు, బుద్ధి ఇచ్చింది మాత్రం ఆ మాటే.

అలాంటి మనిషికి ఒక విచిత్రమైన పట్టుదల ఉండేది. వందేళ్లకు పైగా అయింది, ఇంగ్లండులో కొందరు ప్రొఫెసర్లు చావు తర్వాత మనసు మిగులుతుందా అని పరిశోధన మొదలుపెట్టారు. దూరాన ఉన్నవాళ్లు చనిపోయే వేళకు తమవాళ్లకు కనబడ్డారన్న సంగతులు సేకరించారు. కబురు అందకముందే ఇంకొకరికి చెప్పి ఉంటే అది గట్టి సాక్ష్యం. తెలిశాక "నాకప్పుడే అనిపించింది" అంటే నమ్మడానికి లేదు, జ్ఞాపకం తనను తాను దిద్దుకుంటుంది. ఇది చదివి సార్ ఊగిపోయారు. "దీనికి కువైట్ కన్నా మంచి ల్యాబ్ యాడుందమ్మా? మనోళ్లంతా ఈడ, సావులన్నీ ఆడ!"

శుక్రవారం సార్ ఇంటికి కడప, రాయచోటి వాళ్లు వచ్చేవారు. ఊళ్లో ఎవరైనా పోయినప్పుడు మీకిక్కడ కనబడ్డారా అని అందరినీ అడిగేవారు. సార్ భార్యను నేను చిన్నమ్మ అంటాను. ఆమె వంటింట్లోంచి కేక వేసేది: "సెలవు పూటా సావు మాటలేనా? ముందు వాళ్లను అన్నం తిననీండి!" ఎవరి కథైనా ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయేది.

"ఫోన్ రాకముందు ఎవరికి చెప్పినావు?"

"ఎవురికి చెప్తా సార్, రూములో నేనొక్కడ్నే."

"ఖలాస్" అని నవ్వేవారు సార్. ఆ నవ్వులో కాస్త ఊరట ఉండేది.

ఒక శుక్రవారం, అరబ్బుల ఇంట్లో పనిచేసే రాయచోటి ఆమె చెప్పింది. "గిన్నెలు తోముతాంటే మా యమ్మ వాకిట్లో నిలబడింది సార్. తల తడిసిపోయి ఉండాది."

"ఎవరికి చెప్పినావు?"

"మామాకు, అదే మా ఇంటి మేడంకు చెప్పినా. సెలవు కోసరం నాటకాలాడతాండావు, యల్లా, పని చూస్కో అనింది. మజ్జాన్నం మా తమ్ముడు ఫోన్ చేసినాడు. అమ్మ పోయింది, పొద్దున్నే నీళ్లు కూడా పోసేసినాము అని."

సార్ అంతటితో వదల్లేదు. ఆమె చేతనే యజమానురాలికి ఫోన్ చేయించి, వచ్చీరాని అరబ్బీలో తానే అడిగారు. అవును, పొద్దున్నే చెప్పింది, సెలవు కోసం అనుకున్నా అందావిడ. సార్ ఫోన్ ఇచ్చేశారు. ఖలాస్ అనలేదు.

"సార్, నేను ఈడ సచ్చిపోతే నా పానం ఊరికి పోతాదా? వీసా ఇచ్చిన కఫీల్ ఇడిసిపెడతాడా?" అందామె. అందరం నవ్వాం. సార్ నవ్వలేదు.

ఆ తర్వాత ఆయన ఎవరినీ అడగలేదు. ఎందుకని నేనే అడిగాను. "లేదని తేలుతాదనే ఇన్నాళ్లూ అడిగినానమ్మా. లేకుంటే నిద్ర పడతాది. ఉంటే? ఎట్లుంటాదో, ఎవుర్ని పిలుచుకుంటాంటాదో. పిలిస్తే వినపడేవాళ్లు ఉంటారో లేదో." ఆయన భయపడటం నేను చూసింది అప్పుడొక్కసారే.

ఇప్పుడు నేను రాయాల్సింది రాస్తాను. సార్ పోయిన ఆ పొద్దున స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దుతున్నాను. నా పేరు వినిపించింది, ఇంటిపేరుతో సహా, సార్ క్లాసులో హాజరు పిలిచే గొంతుతో. తలెత్తాను. పక్కన మలయాళీ లెక్కల టీచర్ తప్ప ఎవరూ లేరు. ఎవరో పిలిచారు, విన్నారా అని ఆమెను అడగబోయాను. చెబితే అది సాక్ష్యమైపోతుంది. నోరు మూసుకున్నాను. కాసేపటికి ఫోన్ మోగింది, సార్ పోయారని చిన్నమ్మ.

మర్నాడు చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. సార్ ఇంకా ఆస్పత్రి మార్చురీలోనే ఉన్నారు, ఊరికి పంపే కాగితాలు తేలలేదు. ఆమె నిద్రపోయినట్టు లేదు.

"నీకేమన్నా తెలిసిందామ్మా, నేను ఫోన్ చెయ్యకముందు?"

"ఏం చిన్నమ్మా?"

"ఆ సల్లటి పెట్టెలో ఉండాడా, ఇంట్లోనే తిరుగుతాండాడా? ఉండాడంటే ఎదురుచూస్తా. లేడంటే తలుపేసుకోని పండుకుంటా. ఏదో ఒకటి చెప్పు."

నేను ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆ గొంతు నిజంగా విన్నానో, ఫోన్ వచ్చాక నా మనసే దాన్ని అల్లి ముందుకు జరిపిందో నాకు ఈ రోజుకీ తెలియదు. విన్నానని చెబితే ఆమెకు తోడు ఇచ్చినట్టో, భయం ఇచ్చినట్టో అదీ తేల్చుకోలేదు.

సాగనంపడానికి వచ్చి చిన్నమ్మ గుమ్మంలో ఆగింది. తలుపు సగం మూసింది, మళ్లీ కాస్త తెరిచింది. లిఫ్టు నన్ను కిందికి తీసుకుపోయేదాకా ఆమె గొళ్లెం మీద చెయ్యి తీయలేదు.