కుట్టుమిషనుకు బోల్టులు

ఈరోజు పొద్దున్న మా ఆవిడ కుట్టుమిషనును నేలకు బోల్టులతో బిగించేశాను. తనను ఒక్క మాట అడగలేదు.

ఈ బెంగాలీల ఊళ్లో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. మిషనంటే కదలకూడదన్నదే నాకు తెలిసిన చదువు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే వాళ్లిచ్చిన క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లూ ఆవిడ వరండాలోనే కుట్టుకుంది. అదే ఊళ్లో పూరీ గేట్ దగ్గర సొంతిల్లు కట్టుకున్నాక ఒక గది కుట్టుపనికే అన్నాను. సుద్దముక్కతో గోడల మీద కొలతలు గీసి, దారపు రీళ్లకు మేకుల పలక, కత్తెరకు కొక్కెం, నడినెత్తిన ట్యూబ్‌లైటు అమర్చాను. మిషను స్టాండుకున్న చిన్న చక్రాలు ఊడదీసి, గోడకు ఎదురుగా బిగించాను. ఆవిడ బజారు నుంచి వచ్చేసరికి అంతా సిద్ధం.

గుమ్మంలో నిలబడి చూసింది. స్టాండును ఒక చేత్తో తోసింది. కదల్లేదు. జాకెట్టు గుడ్డ, సూదీదారం తీసుకుని వరండాలో కూర్చుంది. ఎదురింటి బెంగాలీ వదిన, వాళ్ల మాటలో బౌది అంటాం, చుట్టాల పెళ్లికి వేసుకెళ్లే జాకెట్టు అది, సాయంత్రానికి ఇవ్వాలి. చేత్తో కుడితే అందదు. ఇంత కష్టపడితే విలువ లేదా అని కసిరాను. వర్క్‌షాపులో ఏ మిషనైనా ఇలాగే ఉంటుందన్నాను.

"నానేటి మీ వర్క్‌షాపు లేత్ మిషన్నా?" అంది తలెత్తకుండానే. "పొద్దున్న వరండా ఈ కొసకి, మద్దేన్నం ఆ కొసకి, ఎలుగెటుంటే అటు తోసుకుని కుట్టినాను. వచ్చినోళ్ల మొకం సూసి మాటాడినాను. గోడకి ఎదర కూకోబెట్టి నన్నూ బిగించేసినారు."

అన్నేళ్లూ ఆ మిషను చప్పుడు విన్నాను. అది పొద్దున్న ఎక్కడుండేదో, సాయంత్రానికి ఎక్కడికి చేరేదో ఒక్కనాడూ చూడలేదు.

స్పానరు పట్టుకుని బోల్టులు విప్పాను. పాత డబ్బాలో పడేసిన చక్రాలు వెతికి, కిరోసిన్‌తో కడిగి, నూనె వేసి మళ్లీ తొడిగాను. ఎక్కడ పెట్టమంటావని అడిగాను.

"మీరు అడ్డం తప్పుకోండి సాలు," అంది. ఒక్క తోపుతో మిషను గడగడమంటూ కిటికీ దగ్గరికి వెళ్లి, వీధివైపు తిరిగి నిలబడింది.

సాయంత్రం బౌది వచ్చింది. నన్ను బయటికి పంపి తలుపు వేసుకున్నారు. జాకెట్టు ఎక్కడా బిగువు లేకుండా అతికినట్టు సరిపోయిందట. లోపలి నవ్వులు వీధి దాకా వినిపించాయి. గది ఎవరు తయారుచేశారని బౌది బెంగాలీలో అడిగింది. మేమిద్దరం అని మా ఆవిడ జవాబు చెప్పింది. వరండాలో ఒక్కణ్ణే ఉన్నా మీసం దువ్వుకున్నాను.

బౌది వెళ్లాక ఆవిడ వేలు చూపించిన చోటికి ట్యూబ్‌లైటు మార్చాను. తర్వాత గిద్దెడు సిమెంటు కలిపి, నేలలో నేను చేసిన కన్నాలన్నీ పూడ్చి, చక్రాలకు అడ్డు తగలకుండా అరచేత్తో నున్నగా రుద్దాను.