గళ్ల మామ డిజైన్లు మాయమైన రోజు

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లే కాలం అది. ఆ రోజుల్లో కీబోర్డు మీద పది వేళ్లూ ఆడించగలిగేవాడు కనిపిస్తే పెద్దవాళ్లు కూడా కాస్త పక్కకు జరిగి దారిచ్చేవారు. ఇరవై రెండేళ్ల వయసులో ఆ దారి మధ్యలోంచి నడవడం నాకు బాగా అలవాటైపోయింది. బిజినేపల్లి దగ్గర మా ఊరినుంచి రోజూ బస్సెక్కి నాగర్‌కర్నూలు పోయి మూడు నెలలు, కంప్యూటరును నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేరు నేర్చుకున్నాను. నేర్పినాయన్ని అందరూ లినక్స్ భాయ్ అనేవారు. కోర్సు అయిపోయిన రోజు ఆయన నా భుజం తట్టి, "నీకు వచ్చింది చాలు. రానిది మాత్రం ఫోన్ చేసి అడుగు, జర షరమ్ పడకు" అన్నాడు. నేను మొదటి ముక్క ఒక్కటే విన్నాను. (రెండో ముక్క కూడా విని ఉంటే ఈ రోజు ఇది రాసే అవసరం ఉండేది కాదు.)

గద్వాలలో మా చిన్నాయనకు చీరల డిజైన్ల సెంటరు ఉండేది. చీర అంచు మీద వచ్చే పువ్వో పిట్టో ముందు గళ్ల కాగితం మీద పుడుతుంది. ఆ గళ్ల లెక్క ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం మీద కడితే, నేసేటప్పుడు అదే బొమ్మ అంచులో లేస్తుంది. సెంటరులో ముందు గదిలో రెండు కంప్యూటర్లు, వెనక గదిలో ఒక పాత మిషను. ఈ పాతది లినక్స్ మీద నడిచేది. డిజైన్లన్నీ దాని లోపలే దాచేవాళ్లం, ముందు గదిలోని కంప్యూటర్లు తీగ ద్వారా వాటిని తెరిచేవి. ఆ మిషనుకు నేను సిస్టమ్ ఇంజనీరును. ఈ పదవి నాకు నేనే ఇచ్చుకున్నాను. చిన్నాయన మాత్రం వచ్చినవాళ్లకు "మా అన్న కొడుకు, మిషన్ల కాడ ఉంటడు" అని చెప్పేవాడు.

ఆ డిజైన్లన్నీ గీసిన మనిషి గళ్ల మామ. నలభై ఏళ్లుగా గళ్ల కాగితం మీద పెన్సిలు తప్ప ఇంకోటి పట్టనివాడు కాబట్టి ఊరంతా ఆయనకు ఆ పేరే పెట్టింది. ఆయన కాగితాలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉండేవి, అంచులు చెదలు తినేసి. అట్టలు కొట్టే పంచింగ్ అక్కా నేనూ కలిసి ఎనిమిది నెలలు కూర్చుని వాటన్నిటినీ స్కాన్ చేసి ఆ మిషనులోకి ఎక్కించాం. చివరి కాగితం అయిపోయిన రోజు నేనొక మాట అన్నాను. మరిచిపోదామనుకున్నా మరుపు రాని మాట అది. "మామా, ఇంక ఈ చెదల కాగితాలెందుకు? కంప్యూటర్ల వడ్డయంటే వెయ్యేండ్లుంటయ్." చదువుకున్న పిల్లవాడు చెప్పాడని మామ నమ్మేశాడు. పెరట్లో పట్టు నూలుకు రంగు ఉడికించే పొయ్యి దగ్గర గొంతుకూర్చుని, గుప్పెడు గుప్పెడు తన చేతులతోనే అందులో పెట్టాడు. నేను దగ్గరుండి అందించాను కూడా.

వారం తిరక్కుండా మిషనులో జాగా నిండిపోయింది. చిన్నాయన కొత్త హార్డ్ డిస్కు తెప్పించాడు. నేను స్క్రూలు విప్పుతుంటే మామ టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు. "అల్లుడా, మగ్గం మీద పడుగు అయిపోతే మేమేం జేస్తమో తెల్సునా? పాతది తియ్యం. పాత పోగు కొసకే కొత్త పోగు అతుకుతం, ఒక్కొక్క పోగు. నువ్వు గూడ గట్లనే చెయ్. జాగ మారొద్దు, పేరు మారొద్దు. నా డిజైన్లు యాడున్నయో ఆడనే ఉండాలె" అన్నాడు.

ఆ మాట నాకు విపరీతంగా నచ్చింది. లినక్స్‌లో కొత్త డిస్కును ఏదో ఒక ఫోల్డరుకు తగిలించాలి, దాన్ని మౌంట్ చేయడం అంటారు. అప్పటినుంచి ఆ ఫోల్డరు తెరిస్తే ఆ డిస్కే తెరుచుకుంటుంది. ఖాళీ ఫోల్డరు ఒకటి చేసి దానికే తగిలించాలని భాయ్ చెప్పి ఉన్నాడు. 'ఖాళీ' అన్న మాట కింద నా నోటుబుక్కులో రెండు గీతలు కూడా ఉన్నాయి. నా బుర్ర మాత్రం పడుగు దగ్గరే ఆగిపోయింది. కొత్త డిస్కును నేరుగా మామ డిజైన్లున్న ఫోల్డరుకే తగిలిస్తే పాతదీ కొత్తదీ అతుక్కుని ఒకటే పొడుగాటి జాగా అవుతుందనుకున్నాను. తగిలించాను. మిషను ఆపి మళ్లీ పెట్టినప్పుడల్లా దానంతట అదే తగులుకోవాలని సెట్టింగుల ఫైల్లో ఒక వరుస కూడా రాసిపెట్టాను. మిషను ఒక్క తప్పూ చూపించలేదు. కుర్చీలో వెనక్కి వాలి చేతులు తల వెనక పెట్టుకున్నాను.

అంతలో ముందు గదిలోంచి పంచింగ్ అక్క కేక. "తమ్మీ, డిజైన్ల ఫోల్డర్ ఖాళీ కనవడ్తుంది."

"రిఫ్రెష్ కొట్టక్కా" అన్నాను, కుర్చీలోంచి లేవకుండా.

"కొట్టిన."

"ఇంకోసారి కొట్టు."

"మూడుసార్లు కొట్టిన. ఇంక మిషన్నే కొట్టాలె. కొట్టమంటవా?"

నేను వెనక గదిలో ఆ ఫోల్డరులోకి వెళ్లి చూశాను. నిజంగానే ఖాళీ. హంసలు లేవు, కోటకొమ్మలు లేవు, రుద్రాక్షల అంచులు లేవు. ఒకే ఒక్క కొత్త ఫోల్డరు ఉంది, దాని పేరు ఇంగ్లీషులో 'పోయినవి, దొరికినవి' అని. నేనెప్పుడూ చేయని ఫోల్డరది. ఆశగా తెరిచాను. అందులో దొరికినవేమీ లేవు. (కొత్త డిస్కులో అలాంటి ఫోల్డరు దానంతటదే పుడుతుందని తరవాత తెలిసింది. ఆ రోజు మాత్రం మిషను నా ముఖం మీదే రాసి చూపించిందనుకున్నాను.) నాకు తెలిసిన ఆఖరి మందు మిషన్ను ఆపి మళ్లీ పెట్టడం. పెట్టాను. ఖాళీ. మళ్లీ పెట్టాను. ఖాళీ. నేను రాసిన వరుస ప్రకారమే అది ప్రతిసారీ ఎంతో బుద్ధిగా కొత్త డిస్కును తెచ్చి అక్కడే తగిలిస్తోందని నాకు తట్టనే లేదు. మళ్లీ మళ్లీ అదే ఫోల్డరులోకి దూరి వెతుకుతూ కూర్చున్నాను.

చిన్నాయన వచ్చాడు, వెనకే మామ. అక్కే చెప్పింది, మామ డిజైన్లన్నీ కనిపించడం లేదని.

"కనిపిస్తలేవంటే ఏందిరా? తాళమేసిన అర్రలకెల్లి యాడికి వోతయ్?" అన్నాడు చిన్నాయన. తరవాత గొంతు తగ్గించి, "కాగితాలు..." అని ఆగిపోయాడు. నలుగురం పెరటి వైపు చూశాం. పొయ్యి మాట ఎవరూ ఎత్తలేదు.

మామ తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన నెమ్మదిగా బల్ల దగ్గర కూర్చుని కొత్త గళ్ల కాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. "నా చేతిల ఉన్నయ్ కదరా, యాడికి వోతయ్. గీస్త. ఒక్కొక్కటి మల్ల గీస్త" అన్నాడు. పెళ్లయిన కొత్తల్లో గీసిన హంసల అంచుతో మొదలుపెట్టాడు. ముక్కు వచ్చింది, మెడ వచ్చింది, పొట్ట చకచకా నిండింది. తోక దగ్గర పెన్సిలు ఆగింది. గళ్లు లెక్కపెట్టాడు, చెరిపాడు, మళ్లీ లెక్కపెట్టాడు. చాలాసేపటికి తలెత్తకుండానే, "తోకకు ఎన్ని గళ్లో... యాదికొస్తలేదు అల్లుడా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన నలభై ఏళ్ల పనిని నా ఒక్క మాట నమ్మి పొయ్యిలో పెట్టాడు. నేను ఒక్క పూటలో మిగిలినది కూడా ఊడ్చేశాను. అప్పుడు గుర్తొచ్చింది, భాయ్ ఫోన్ చేయమన్న మాట.

ఫోను ముందు గదిలో ఉంది, లినక్స్ మిషను వెనక గదిలో. ఫోను తీగ గుమ్మం దాకానే వచ్చేది. అందుకని అక్క గుమ్మంలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు మోయసాగింది. డిస్కును దేనికి తగిలించానో నేను చెప్పాను, అక్క భాయ్‌కి చెప్పింది.

"తమ్మీ, నవ్వుతుండు" అంది అక్క.

"నవ్వుడు అయినంక ఏం చెయ్యాల్నో అడుగక్కా!"

"ఏం పోలేదంట. పాతయి ఆడనే కింద ఉన్నయంట. నువ్వు వాటి మీద కొత్త చాప పరిసినవంట. చాప తీసెయ్యమంటుండు."

డిస్కును విప్పమని మిషనుకు ఆజ్ఞ ఇచ్చాను. కుదరదంది. డిస్కు బిజీగా ఉందట. "ఎవరో వాడుతున్నరంటక్కా!" అని అరిచాను. ముందు గదిలో కంప్యూటర్లు ఆపమన్నాడు భాయ్. రెండూ ఆపించాను. బిజీ. కంప్యూటర్లను కలిపే తీగ పీకించాను. బిజీ. ఇక నాకు అందరి మీదా అనుమానం వచ్చేసింది. ప్రింటరు ఆపమన్నాను. పైన ఫ్యాను ఆపమన్నాను. (ఫ్యానుకూ దానికీ సంబంధం ఏమిటని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే కొట్టేవాణ్ణి.) చేతిలో పెన్సిలు తప్ప ఏమీ లేని మామను కూడా బల్ల దగ్గరనుంచి లేపేశాను. చిన్నాయనా మామా ఎండలో అరుగు మీదికి పోయి నిలబడ్డారు. కిటికీలోంచి చిన్నాయన, "మేం బయటికొచ్చినా బిజీయేనారా?" అని అడిగాడు.

"బిజీయే!"

అప్పుడు గుమ్మంలోంచి అక్క, "తమ్మీ, నువ్వు యాడున్నవని అడుగుతుండు" అంది.

"గద్వాల్లనే ఉన్ననని చెప్పు!"

"ఊరు కాదంట. మిషన్ల నువ్వు యాడున్నవని అడుగుతుండు."

తెర వైపు చూశాను. డిజైన్ల కోసం వెతకడానికి ఆ ఫోల్డరులోకి దూరినవాణ్ణి మళ్లీ బయటికి రానేలేదు. మిషను లెక్కలో నేను ఇంకా దాని లోపలే కూర్చుని ఉన్నాను. వాడుతున్నవాణ్ణి నేనే! అంతమందినీ బయటికి పంపి, ఫ్యాను కూడా ఆపించి, చాప మీద కాళ్లు చాపుకుని కూర్చున్నది నేను. రెండక్షరాలు కొట్టి బయటికొచ్చాను. మళ్లీ ఆజ్ఞ ఇచ్చాను. మిషను ఏమీ అనలేదు. లినక్స్‌కు పని అయినప్పుడు నోరు మెదపడం అలవాటు లేదు. ఫోల్డరు తెరిచాను. హంసలు, కోటకొమ్మలు, రుద్రాక్షలు, అన్నీ ఉన్నాయి.

"వచ్చినయ్!" అన్న నా కేకకు అరుగు మీద ఉన్నవాళ్లిద్దరూ పరుగున వచ్చారు. మామ ముందుగా హంసల అంచు తెరవమన్నాడు. తెర మీదికి వంగి, అద్దం మీద వేలు పెట్టి తోక గళ్లు లెక్కపెట్టాడు. "పదకొండా! నేను తొమ్మిదనుకుంటున్న" అన్నాడు. ఆ గొంతులోని ఊరట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తరవాత నా వైపు తిరిగి, "మరి గింతసేపు ఎవరు వాడుతున్నరంట?" అని అడిగాడు.

తప్పు వోల్టేజీ మీదికి నెట్టేయొచ్చు. గద్వాలలో అప్పట్లో ఏం జరిగినా వోల్టేజీ ఒప్పుకునేది. కానీ తోక దగ్గర ఆగిన ఆ పెన్సిలును చూసినవాణ్ణి, అబద్ధమాడబుద్ధి కాలేదు. "నేనే మామా. నేనే అండ్ల కూసున్న" అన్నాను.

మామ కళ్లు పెద్దవయ్యాయి. "నువ్వే లోపట కూసొని, మమ్ములందరిని బయటికి ఎల్లగొట్టినవా?" అన్నాడు. అని, బల్ల పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. చిన్నాయన కూడా కోపం మరిచిపోయి నవ్వాడు. అక్క ఇంకా ఫోను పెట్టలేదు కాబట్టి అవతల భాయ్ కూడా నవ్వాడు. నేను ఒక్కణ్ణే ఏడుపూ నవ్వూ కాని ముఖంతో నిలబడ్డాను.

మర్నాటి నుంచి మామ అన్నీ మళ్లీ కాగితం మీద గీయడం మొదలుపెట్టాడు. రోజూ మధ్యాహ్నం నేను ఒక్కొక్క డిజైను తెరిచి గళ్లు లెక్కపెట్టి చెప్పాలి, ఆయన గీస్తాడు. ఎనిమిది నెలలు స్కాన్ చేసినా వాటిలో ఒక్కటి కూడా నేను సరిగ్గా చూడలేదని అప్పుడే తెలిసింది. ఇప్పటికీ కొత్త డిస్కు తగిలించే ముందు ఆ ఫోల్డరు ఖాళీదేనా అని ఒకటికి రెండుసార్లు చూస్తాను. విప్పే ముందు నేనెక్కడున్నానో చూసుకుంటాను. అప్పుడు ఆ ఇరవై రెండేళ్ల సిస్టమ్ ఇంజనీరు, ఎండలో నిలబడ్డ ఇద్దరు పెద్దవాళ్లను కిటికీలోంచి గద్దిస్తూ, కనిపిస్తాడు. వాణ్ణి లేపి బయటికి పంపబుద్ధి కాదు. కాసేపు అలాగే కూర్చోనిచ్చి, ఒక్కణ్ణే నవ్వుకుంటాను.