సూర్యుడి మీద ఊగులాట

బాన్సువాడ బస్టాండులో పిట్లం బస్సు కోసం చూస్తూ పేపరు చదువుతున్నాను. సూర్యుడి మీద పెద్ద మంట ఎగసినప్పుడు భూకంపంలాంటిది పుట్టి, నీళ్లలో రాయి వేసినట్టు అలలు పాకుతాయని కనిపెట్టారట.

పక్కనున్న ముసలామె పేపర్లో బొమ్మ చూసి, "ఏంది బిడ్డా గది?" అంది. చెప్పాను.

భూకంపం అనగానే ఆమె బెంచీని గట్టిగా పట్టుకుంది. ఆమెది లాతూరు దిక్కట. అక్కడి భూకంపంలో ఇల్లు కూలినప్పటి నుంచి ఆరుబయటే పడుకుంటుందట.

"గక్కడ మనుషులుంటరా?"

"ఎవ్వరూ ఉండరవ్వా."

ఆమె చెయ్యి వదులైంది. "గట్లయితే ఊగనీ తియ్యి, ఎంతన్న ఊగనీ!" అని నవ్వి, కొంగుముడి విప్పి నా చేతిలో పల్లీలు పోసింది.

ఇప్పటికీ భూకంపం వార్త కనబడితే ముందు ఊరి పేరు వెతుకుతాను. సూర్యుడి మీదని ఉంటే మాత్రం నోటికి పల్లీల రుచి తగులుతుంది.